ఏడవడానికి బస్సెక్కే అత్త

మా మేనత్త పోయింది. మొన్న శనివారం పొద్దున, గద్వాలలో ఆమె అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో నేను పిల్లల టిఫిన్ డబ్బాలు కడుతున్నాను.

"మీ అత్త పోయిందమ్మా. జర జల్ది రాండ్రి. కిరాయి ఇల్లు, నీకు తెల్వనిది కాదు గద" అంది.

నన్ను ఓదార్చాలనుకుందో ఏమో, మళ్లీ ఆమే అంది. "ఇంట్ల పోలేదులే. పానం ఉండంగనే బయటికి తెచ్చి పండవెట్టినం."

మా దిక్కు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అద్దెకున్న మనిషి ఇంట్లో చనిపోతే ఆ ఇంటికి కీడు అంటారు. కొన్ని నెలలు ఇల్లు మూసిపెట్టాలి, శాంతులు చేయించాలి, ఆ తర్వాత కూడా అద్దెకు ఎవరూ రారు. అందుకని ఎక్కడో పోయినవాళ్ల శవాన్ని కూడా గేటు లోపలికి రానివ్వరు. ఈ ఓనరమ్మ ఒక అడుగు ముందుకేసింది. శవమయ్యేదాకా కూడా ఆగలేదు.

ఫోన్ పెట్టేసి బస్టాండుకు పరుగెత్తాను. పిల్లలను బడిలో దింపి వెనక బండి మీద వస్తానన్నాడు మా ఆయన. నాగర్‌కర్నూల్‌లో ఎక్కి వనపర్తిలో మారాలి. వనపర్తిలో గద్వాల బస్సు ఆగకముందే జనం దాని వెంట పడ్డారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు సీట్ల మీద పడుతున్నాయి. ఒక మహానుభావుడు ఏకంగా తన చెప్పు విసిరి సీటు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. చావుకు పోతూ ఈ నవ్వేందిరా దేవుడా అని సిగ్గు కూడా వేసింది. కానీ అత్తే ఉంటే ఆ చెప్పు తీసి బయటపారేసి ఆ సీట్లో తాను కూర్చునేది. ఆయన వచ్చి అడిగితే, "నీ చెప్పుకు సీటిచ్చి నేను నిలవడాల్నా నాయినా?" అనేది.

ఈ దారి నాకు అలవాటైందే ఆమె వెంట. ఆమె బస్సెక్కేది ఏడవడానికి. నేను మాట వరసకు అనడం లేదు. మా వైపు ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ల సంగతులు ఒక్కొక్కటే రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. దానికొక కట్టుబాటు ఉంది. శోకంలో ఏం చెప్పినా, ఎవరి గుట్టు బయటపెట్టినా, ఎంత పెద్దమనిషైనా ఎదురు చెప్పకూడదు. మా అత్త శోకానికి పేరుమోసింది. చుట్టాలలో ఎక్కడ చావు కబురు వచ్చినా మొదటి బస్సుకు దిగేది. ఆమె దిగిందంటే చాలు, ముసలిదానికి అన్నం పెట్టని కోడలు, అన్న భూమి గుంజుకున్న తమ్ముడు, అందరూ పందిట్లో వెనక వరసకు జరిగేవాళ్లు.

పెళ్లిళ్లలో వంట చేసి బతికేది. మిగిలిన రోజుల్లో చావులు. రెండింటికీ ఒకటే సంచి. బస్సులో కూర్చున్నాక తన తయారీ మొదలుపెట్టేది. పక్కన ఆ ఊరివాళ్లెవరైనా ఉంటే ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "సచ్చినామె కడుపునిండ తిన్నదా? కొడుకు దవాఖానకు తోల్కపోయిండా, లేకుంటె ఇంట్లనే పండవెట్టిండా?" అని ఒక్కటీ వదలకుండా అడిగేది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగితే దిగి మిర్చీ బజ్జీలు తెచ్చుకుని కారం నసాళానికంటుతుంటే తినేది.

"అత్తా, చావింటికి పోతున్నం" అన్నాను ఒకసారి, పక్కవాళ్లు చూస్తున్నారని.

"అందుకే తింటున్న. ఆకలైనోళ్లు తమ కడుపు కోసం ఏడుస్తరు గాని సచ్చినోళ్ల కోసం ఏడ్వరు. నువ్వు గూడ తిను" అంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆమె ఆనందం చెప్పలేం. "ఏడ్వనీకె గూడ సర్కారే తోల్కపోతుంది సూడు" అనేది. ఒకసారి కండక్టరు ఆధార్ కార్డు చూసి, "ఈ ఫోటోల ఉన్నది నువ్వేనా అవ్వా?" అని అడిగాడు. "కాదు బిడ్డా, ఆమె సచ్చింది. ఆమె కాడికే పోతున్న" అంది. బస్సంతా నవ్వింది. ఆ పిల్లవాడు జడుసుకుని జీరో టికెట్ కొట్టిచ్చాడు.

ఆమె నోరు మంచిదని నేను చెప్పను. నా పెళ్లిలో మా అత్తగారితో, "పిల్లకు వంట రాదు, నోరొస్తది. సూస్కోండ్రి" అని చెప్పి అన్నం తిని వెళ్లిపోయింది. ఆమె బతుకు కూడా ఆమె పట్ల మంచిగా లేదు. పిల్లలు పుట్టలేదని మామ ఇంకొకామెను తెచ్చుకుని, అత్త ట్రంకుపెట్టెను గద్వాల నడిబజార్లో పెట్టించాడు. ఆమె ఊరు వదల్లేదు. ఆయన ఇంటికి రెండు వీధుల అవతలే గది అద్దెకు తీసుకుంది. పుట్టింటికి ఎందుకు రాలేదని అడిగితే, "నేనెందుకు పోత? పొద్దున పాలకు పోతే వానికి నా మొకమే కనవడాలె" అనేది. కనబడేది కూడా.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా అమ్మ పోయింది. అత్త గద్వాల నుంచి మొదటి బస్సుకు వచ్చింది. చనిపోయింది మరదలు. పందిట్లో తలకు తువ్వాలు చుట్టుకుని కుమిలిపోతున్నది సొంత తమ్ముడు, తాను ఏటా రాఖీ కట్టే తమ్ముడు. తమ్ముడి పరువు కాపాడుతుందనుకున్నారు అందరూ. అత్త అమ్మ తల దగ్గర కూర్చుని, అమ్మ కుడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని రాగం ఎత్తుకుంది.

"ఓ నా మరదలా... చెయ్యి ఇరిగితె బస్సు మెట్ల మీదికెల్లి పడ్డనని డాక్టరుతోని జెప్తివి మరదలా... నా తమ్ముడు నిన్ను ఏనాడు బస్సెక్కనిచ్చె మరదలా..."

అమ్మ చెయ్యి ఎట్లా విరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసే, కట్టుతో కనబడిన అమ్మతో, "బస్సు దిగేటప్పుడు పైలంగ దిగాలమ్మా" అని జాగ్రత్తలు చెప్పేవాళ్లు. ఆ రోజు వాళ్లందరూ నేల చూపులు చూశారు. నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను ఏడవలేదు. అమ్మ కోసం ఒక్కరైనా మాట్లాడారని నా కడుపు చల్లబడింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గు లేదు.

వెళ్లేటప్పుడు అత్త నాన్నతో అంది. "పిల్ల సదువు ఆపినవనుకో, మళ్ల వస్త. నువ్వు సచ్చిందాక ఆగను. బతికుండంగనే నీ వాకిట్ల కూసొని శోకం వెడ్త." నాన్న ఆపలేదు. నేను వనపర్తిలో డిగ్రీ చేశాను, ఉద్యోగం చేస్తున్నాను, ఎక్కాలనుకున్న బస్సెక్కుతున్నాను. ఇదంతా ఆ నోటి పుణ్యమే.

ఆ నోటి పాపం కూడా చెప్పాలి. తిమ్మాజిపేట దిక్కు ఒక ఊళ్లో ఒక పెద్దాయన పోతే, ఆయన మంచితనం చెప్పబోయి, మనవరాలు వేరే కులం పిల్లవాడిని ఇష్టపడితే ఈ తాతే అండగా ఉన్నాడని శోకంలో అనేసింది. ఇంట్లో మిగతావాళ్లకు ఆ సంగతే తెలియదు. కర్మకాండలు కాగానే ఆ పిల్లకు కాలేజీ మాన్పించి ఎవరికో కట్టబెట్టారు. అత్త ఆ ఊరికి మళ్లీ పోలేదు. ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే, "నా నోట్ల మన్ను వడ" అని లేచిపోయేది.

ఆఖరుసారి ఆమెతో బస్సులో వచ్చినప్పుడు, బీచుపల్లి వంతెన మీద హనుమంతుడికి దండం పెట్టుకుని నా వైపు తిరిగింది. "పిల్లా, నేను పోయిన్నాడు నా మీద దొంగేడ్పు ఏడ్వనియ్యకు. ఎవ్వరన్న ఏడిస్తె రెక్క వట్టి లేపు. నువ్వు గూసొని నిజం ఏడ్వు. నా గలీజు గూడ జెప్పు."

"నాకు శోకం రాదత్తా."

"మంట లేస్తె అదే వస్తది" అంది.

గద్వాల చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఇంటి గేటుకు తాళం. గేటు ముందు పసుపునీళ్లు చల్లిన తడి ఇంకా ఆరలేదు. ఎదురుగా మోరీ కాలువ పక్కన చాప మీద అత్త. కరెంటు స్తంభానికీ ఎవరిదో ఆటోకూ కలిపి కట్టిన తాటిపత్రి పట్టా నీడ ఆమె నడుము దాకానే వస్తోంది. స్నానానికి నీళ్లు అడిగితే ఓనరమ్మ పై కిటికీలోంచే చెప్పింది. "మా బోరు నీళ్లు వద్దమ్మా. నల్లా కాడికెల్లి తెచ్చుకోండ్రి, ఏమనుకోకుండ్రి." వీధి ఆడవాళ్లే పాపం బిందెలతో మోసుకొచ్చారు. మళ్లీ వాళ్లే, "మొగడుండంగ పోయింది, ముత్తయిదువ సావు. అదృష్టవంతురాలు" అన్నారు. తల్లీ, అదృష్టమంటే ఇట్లా ఉంటుందన్నమాట.

మా ఆయన వచ్చాడు, నలుగురు చుట్టాలు వచ్చారు. అప్పుడు మామ వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో బంతిపూల దండ. వెనక పసుపు, కుంకుమ, ఆకుపచ్చ చీర ఉన్న పళ్లెం పట్టుకుని ఆయన రెండో భార్య. ఆమె తల ఎత్తలేదు. మామ చాప దగ్గర మోకాళ్ల మీద కూలబడి, వీధి చివరిదాకా వినబడేలా ఎత్తుకున్నాడు.

"నన్ను ఇడిసిపెట్టి పోతివా..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా పెద్దమ్మ నా భుజం నొక్కిపట్టింది. "ఊకో బిడ్డా. మొగోడు ఏడుస్తుండు, ఏడ్వనీ. అగ్గి వెట్టాల్సింది ఆయననే. ఇప్పుడు లొల్లి వెట్టుకుంటె పీనుగ లేవదు" అంది. నిజమే. ఆయన అలిగి పోతే ఆ ఎండలో, ఆ మోరీ పక్కన, ఆమె ఇంకెంతసేపు ఉండాలో. కానీ ఆయనను ఏడవనిస్తే ఆ ఏడుపే మిగిలిపోతుంది. రేపటి నుంచి అందరూ భార్య పోయిన మనిషని ఆయననే ఓదారుస్తారు. పెద్దమ్మ చెయ్యి తీసేసి అత్త తల దగ్గర కూర్చున్నాను. గొంతు బొంగురుగా లేచింది.

"ఓ మా అత్తా... ఎవరు ఎవరిని ఇడిసిపెట్టిరే అత్తా... నీ పెట్టె నడిబజార్ల వెట్టినోడు ఇయ్యాల పూలదండ తెచ్చెనే అత్తా..."

మామ ఏడుపు ఆగింది. నాది ఆగలేదు. "పానం పోకముందే ఎల్లదీసిరే అత్తా... ఎండల పండి ఎవ్వరిని పిలిస్తివో అత్తా..." పైన కిటికీ రెక్క ధడేల్‌మని మూసుకుంది. "ఒక పిల్ల బతుకు నీ నోటితోని పాడాయెనే అత్తా... మా అమ్మకు నోరు లేకుంటె ఆ నోరే దిక్కాయెనే అత్తా..." ఆ తర్వాత ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. మామ లేచి నిలబడి పళ్లు కొరుకుతున్నాడు. శోకానికి ఎదురు చెప్పకూడదు కాబట్టి నా మీద కోపం భార్య మీద చూపించాడు. "ఏం సూస్తున్నవ్? పసుపు వెట్టు, జల్ది."

ఆమె పళ్లెం దించి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. పాదాలకు పసుపు రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఆమె గొంతులోంచి సన్నగా రాగం లేచింది. ఇదొక దొంగేడుపు, మొగుడు నేర్పి తెచ్చాడనుకున్నాను. రెక్క పట్టి లేపడానికి చెయ్యి కూడా చాచాను. అప్పుడు మాటలు వినబడ్డాయి.

"ఓ నా అక్కా... నిన్నన్న ఎల్లగొట్టెనే అక్కా... నన్ను ఎల్లగొట్టకపాయెనే అక్కా..."

చాచిన నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఒక్క మాటే, మళ్లీ మళ్లీ అదే మాట. శవం బండి వచ్చి హారన్ కొట్టాక మామ వంగి, మర్యాదగా, ఆమె చెవి దగ్గర అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"నువ్వు ఇంటికి నడువు. నేను దీన్ని కాలవెట్టి వస్త."

ఆమె లేవలేదు. అత్త పాదాలు రెంటినీ, బొటనవేళ్లను కలిపి కట్టిన గుడ్డపీలికతో సహా, గట్టిగా పట్టుకుంది. మగవాళ్లు పాడె ఎత్తడానికి నిలబడ్డారు. ఎవరూ ఆమెను తాకడం లేదు. చివరికి నేనే కూర్చుని ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. ఒకటి విడదీస్తే, ముందు విడదీసింది మళ్లీ పట్టుకుంటోంది.