ఊఁ అన్నాడో, ఊహుఁ అన్నాడో

పెట్రోలు బంకు పక్కన రేకుల గదిలో కూర్చుని బండ్ల పొగ కొలిచే ఆమెను డ్రైవర్లందరూ పొగక్క అంటారు. ఆ పేరు ఆమెకు నచ్చింది. అంతకు ముందున్న పేరుతో పోలిస్తే ఏ పేరైనా నచ్చుతుంది.

డీజిలు బండ్లకు పరీక్ష తీరు వేరు. బండిని నిలబెట్టి, గేరు తీసేసి, యాక్సిలరేటరు అడుగంటా తొక్కాలి. ఇంజను గొంతు చించుకుని అరిచినప్పుడు వచ్చే పొగనే యంత్రం కొలుస్తుంది. అందుకే అక్కడికి వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు.

“ఇంతలా తొక్కితే బండికేమీ కాదు కదక్కా?”

“పరిగెత్తేవాడికి పరుగేం చేస్తుంది నాయనా? ఒళ్లు వేడెక్కి, కీళ్లు గట్టిగా ఉంటే ఎంత పరిగెత్తినా ఏమీ కాదు. మంచంలోంచి రోగిని లేపి తరిమావనుకో, గుమ్మం దాటకుండానే పడతాడు.”

అని ఊరుకోదు. బానెట్ ఎత్తించి, చెవి పెట్టి వింటుంది. ఆయిలుందా, నీళ్లున్నాయా, లోపలి బెల్టు ఎప్పుడు మార్పించావు అని అడుగుతుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా, “ముందు మెకానిక్ ముఖం చూసి రా, తర్వాత నా ముఖం చూద్దువు” అని తిప్పి పంపేస్తుంది. ఇంజన్ల మీద ఆమెకు అంత జాలి. మనుషుల మీద అంత లేదు. ఒక మనిషి మీద అసలు లేదు.

ఆ మనిషి డ్రైవింగు మాస్టారు. చదువు అయిపోగానే ఆమె ఆయన దగ్గర కారు నేర్చుకుంది. చెయ్యి కుదురుగా ఉందని, ఆడవాళ్లకు నేర్పే పని ఆయనే ఇచ్చాడు. స్కూలు ఆయనది కాదు, ఆయన మామగారిది. మామగారంటే మాస్టారికి సింహస్వప్నం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మామగారు ముచ్చటపడి కొన్న కొత్త కారు బానెట్ ఎత్తి మాస్టారు ఏదో సర్దుతున్నాడు. లోపల సీట్లో ఆమె. ఆయన “ఊఁ” అంటే ఆమె తొక్కాలి, “ఊహుఁ” అంటే వదిలెయ్యాలి. అది వాళ్లకు అలవాటైన పద్ధతే. ఆయన ఊఁ అన్నాడు, తొక్కింది. ఎర్రలైటు వెలిగింది.

“మాస్టారూ, వేడెక్కినట్టుంది. ఇంకా తొక్కనా?”

“ఊఁ.”

తొక్కింది. రేడియేటరులో చుక్క నీళ్లు లేవని అప్పటికి ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవలసినవాడు ఆయన. బుస్సుమని ఆవిరి లేచింది, లోపల ఇనుము ఇనుమును కొరికిన చప్పుడైంది, ఇంజను బిగుసుకుపోయింది. మామగారు పరుగున వచ్చేసరికి మాస్టారు మాట సిద్ధం చేసుకున్నాడు.

“నేను ఊహుఁ, ఊహుఁ అని మొత్తుకుంటూనే ఉన్నాను మామయ్యగారూ. ఈ పిల్ల వింటేగా.”

“లేదండీ, ఊఁ అన్నారు.”

“ఆ హోరులో నీకేం వినపడింది నా మొహం?”

చుట్టూ ఉన్నవాళ్లు మాస్టారి మాటే విన్నామన్నారు. ఒకడైతే వీధి అవతలి నుంచే విన్నానన్నాడు. ఆమె పని పోయింది. ‘ఇంజను మింగిన పిల్ల’ అనే పేరు వచ్చింది. ఇంకెక్కడ పనికి వెళ్లినా ఆ పేరు ఆమె కన్నా ముందే వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చునేది.

అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంట్లో జరిగింది. ఏడ్చి ఏడ్చి చెబితే అమ్మ అంతా విని, పొయ్యి వైపు తిరిగి, “ఏమోనే, పెద్దమనిషి అబద్ధం ఎందుకాడతాడు? ఊఁ అన్నాడో, ఊహుఁ అన్నాడో, నువ్వు సరిగ్గా విన్నావా?” అంది.

ఆ రోజు నుంచి ఆమె ఊఁ కొట్టడం మానేసింది. అవునంటే అవును, కాదంటే కాదు, నోరారా అంటుంది. “కథ చెప్పినా ఊఁ కొట్టని మొండిఘటం” అని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంటుంది. ఆమెకు కావలసింది పని కాదు, పరిహారం కాదు. ఆ రోజు ఊఁ అన్నది నేనే అని ఆయన నోటితోనే, నలుగురిలో, అనాలి. ఆ కోరికను పాలు పోసి పెంచుకుంది.

మామగారు పోయారు. స్కూలు మాస్టారిదైంది. పాత డీజిలు కారొకటి మిగిలింది. పొగ పరీక్ష కాగితం లేకుండా దాన్ని నడపనివ్వబోమని అధికారులు పట్టుబట్టడంతో, ఒక ఉదయం ఆయన, వెనక సీట్లో నేర్చుకునే కుర్రవాళ్లతో సహా, రేకుల గది ముందు ఆగాడు.

ఆమెను చూసి కొంచెం తడబడ్డాడు. వెంటనే సర్దుకుని నవ్వాడు. “ఓహో, నువ్వా. ఇంకా ఇంజన్ల మీదే బతుకుతున్నావన్నమాట.”

కుర్రవాళ్లు కిసుక్కుమన్నారు.

“మీ దీవెన, మాస్టారూ.”

బానెట్ ఎత్తించింది. చెవి పెట్టింది. బెల్టు బిగించే చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది. ఇలాంటి బండిని ఎన్నోసార్లు వెనక్కి పంపింది. వేగంగా తిరిగితే బెల్టు తెగుతుంది, తెగితే వాల్వులన్నీ పిస్టన్లకు కొట్టుకుని విరుగుతాయి, ఇక ఆ ఇంజను తూకానికే. వెళ్లిపొమ్మని చెప్పడానికి నోరు తెరిచింది.

“ఏమిటా వినడం? డాక్టరమ్మవా?” అన్నాడు మాస్టారు, కుర్రవాళ్ల వైపు కన్ను గీటుతూ. “తొక్కు తొందరగా.”

ఆమె నోరు మూసుకుంది. పాపం, నీ తప్పేం లేదు, అని మనసులో ఇంజనుకు చెప్పుకుంది.

“తొక్కేది నేను కాదండీ. బండిగలవాళ్లే తొక్కాలి. నేను గొట్టం పట్టుకోవాలి. భయమైతే చెప్పండి, మీ కుర్రవాళ్లలో ఎవరినైనా కూర్చోబెడదాం.”

“భయమా? నాకా?”

ఆయన సీట్లో కూర్చుని స్టార్టు చేశాడు. ఆమె పొగ గొట్టంలో కొలిచే గొట్టం దూర్చి, దాని రెండో కొస పట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, దిగి నిలబడ్డ కుర్రవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

“బెల్టు పాతదే అనుకో. అయినా తట్టుకుంటుందిగా?”

ఆమె ఆయన కళ్లలోకి చూసింది.

“ఊఁ,” అంది.

ఆయన అడుగంటా తొక్కాడు. ఇంజను మూలిగి, అరిచి, కీచుమంది. తర్వాత కొరడా దెబ్బలాంటి చప్పుడు. దాని వెనకే గిన్నెల గూడు కూలినట్టు మరో చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అంత నిశ్శబ్దం ఆమె చెవులకు ఎన్నడూ తగలలేదు. తియ్యగా ఉంది.

మాస్టారు దిగాడు. ముఖంలో నెత్తురు లేదు. “నువ్వు ఊఁ అన్నావు. నేను అడిగితే ఊఁ అన్నావు.”

“ఊహుఁ అన్నాను మాస్టారూ. మొత్తుకున్నాను కూడా. ఆ హోరులో మీకేం వినపడింది?”

ఆ మాటలు ఎవరివో ఆయన గుర్తుపట్టాడు.

వరుసలో వెనకనున్న వ్యాను డ్రైవరు దగ్గరికి వచ్చాడు. ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి. అంతసేపూ బంకు అవతల టీ తాగుతున్నాడు. “నాక్కూడా ఊహుఁ అన్నట్టే వినపడిందయ్యా,” అన్నాడు గంభీరంగా. “అయినా పొగక్క ఊఁ అనడం ఎవడైనా విన్నాడా ఇన్నాళ్లలో? ఆవిడకు ఆ అక్షరమే రాదు.”

వరుసంతా నవ్వింది. కుర్రవాళ్లు కూడా నవ్వారు.

కారును మెకానిక్ దగ్గరికి చేర్చాలి. మెకానిక్ షాపు బజారుకు అటు చివర. బాబాయ్ తన వ్యానుకు తాడు కట్టాడు. ఇంజను ఆగిన కారుకు స్టీరింగు రాయిలా బరువెక్కుతుంది, బ్రేకు చచ్చుబడుతుంది. అందుకని మనిషి నడిచేంత మెల్లగా కదిలింది వ్యాను. ఆమె గదికి తాళం వేసి, కారు పక్కన నడవడం మొదలుపెట్టింది.

“ఎక్కడికీ?” అన్నాడు మాస్టారు, రెండు చేతులతో స్టీరింగుతో కుస్తీ పడుతూ. కిటికీ అద్దం పైకి తిప్పుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

“మీకు తోడు.”

బట్టల కొట్టువాడు మెట్ల మీదికి వచ్చాడు. “ఏమైంది మాస్టారూ?”

“ఇంజను మింగేశారండీ,” అని ఆమె జవాబిచ్చింది. మందుల షాపు ముందూ అదే చెప్పింది. చెప్పులు కుట్టే అతనికి అడక్కుండానే చెప్పింది. ఒకప్పుడు నలుగురిలో మాట చెల్లని పిల్ల, ఆ రోజు బజారంతా తనదే అన్నట్టు నడిచింది.

సగం దూరం వచ్చాక మాస్టారు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, పళ్ల సందులోంచి అన్నాడు.

“ఆ రోజు ఊఁ అన్నది నేనే. మామయ్యకు భయపడ్డాను. సరేనా? ఇక వెళ్లు.”

ఆమె నడక ఆపలేదు. కిటికీలోకి వంగింది.

“ఏమన్నారు?”

“అన్నానుగా. ఇంజను కూడా ఆగిపోయి ఉంది, వినపడకపోవడమేమిటి?”

“వినపడలేదు,” అంది ఆమె. ముందున్న బజారు వైపు చూసింది. ఇంకా చాలా కొట్లున్నాయి. అన్నిటి ముందూ మనుషులున్నారు. “గట్టిగా చెప్పండి, మాస్టారూ.”