అదిగో అన్నయ్య

మా రేవులో పడవ నడిపేవాళ్ళు చాలామందే ఉన్నా, వచ్చిన యాత్రికులు అడిగి మరీ ఎక్కేది అదిగో అన్నయ్య పడవే. పడవ ఆయన సొంతం కాదు, యజమాని వేరే ఉన్నాడు. ఇంజను పక్కన నిలబడి దాన్ని దీవికి తీసుకెళ్ళి తీసుకురావడం అన్నయ్య పని. నాకు తోడబుట్టినవాడేమీ కాదు. రేవు మెట్ల పక్కన టోపీలు, చలవ కళ్ళద్దాలు, ఫోను తడవకుండా మెళ్ళో వేసుకునే ప్లాస్టిక్ సంచులు అమ్ముకునే కొట్టు నాది. పొద్దున్నే కొట్టు తలుపు పలకలు దింపడానికి అడగకుండానే ఒక చెయ్యి వేసేవాడు కనుక అన్నయ్య అయ్యాడు, ఆయన భార్య వదిన అయింది.

ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలి. దీవికి వెళ్ళే దారిలో డాల్ఫిన్లు కనిపిస్తాయని రేవులో పెద్ద బొమ్మ వేసిన బోర్డు ఉంది. బోర్డు మీది డాల్ఫిన్ ఏడాది పొడుగునా ఎగురుతూనే ఉంటుంది. సముద్రంలోవాటికి ఆ నియమం లేదు. అవి రాని రోజులే ఎక్కువ. జనం మొహాలు వేలాడేసే సమయానికి అన్నయ్య ఇంజను జోరు తగ్గించి, చెయ్యి చాపి, "అదిగో" అనేవాడు. పడవలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగేవాళ్ళు. "ఏది, ఏది?" అని వాళ్ళు, "అయ్యో, మునిగిపోయిందే" అని ఈయన. ఈలోగా ఎవరో ఒకరు తోక చూశామనేవాళ్ళు. అదిగో పులి అంటే ఇదిగో తోక అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, టిక్కెట్టు కొని ఎక్కినవాళ్ళలో ఇంకాస్త ఎక్కువ ఉంటారు. ఒకడు చూశాక ఇంకొకడు చూడలేదంటే నామోషీ కదా. రేవులో దిగేసరికి అందరూ చూసినవాళ్ళే.

"తప్పు కాదా అన్నయ్యా?" అని ఒకసారి అడిగాను.

"నేనేమన్నాను? అదిగో అన్నాను. అది అంటే ఏదో చెప్పలేదుగా."

"మరి ఎవరు నిజంగా చూశారో, ఎవరు కోతలు కోస్తున్నారో నీకు తెలుస్తుందా?"

"తెలియకేం చెల్లెమ్మా? నిజంగా చూసినవాడికి మాట రాదు. నోరు తెరుచుకుని ఉండిపోతాడు. చూడనివాడే, ఆఁ చూశాను, ఎంత బాగుందో అంటూ పక్కవాడి మొహంలోకి చూస్తాడు."

ఇప్పుడాయన ఆ మాట అనడం మానేశాడు. పేరు మాత్రం పోలేదు.

వదిన సముద్రం లేని ఊళ్ళో పుట్టింది. పెళ్ళయి వచ్చిన రోజున పెట్టె కూడా దించకుండా పెరట్లోకి నడిచి, దూరంగా పచ్చటి మచ్చలా కనిపించే దీవిని చూసి, అక్కడికి ఎప్పుడు తీసుకెళ్తారని అడిగిందట. కాపురం పెట్టిన రెండు గదులూ రేవు రోడ్డుకి వెనక ఉన్నాయి. పెరట్లో ఒక కుళాయి, నాలుగు దండేలు. పడవలో వాడే లైఫ్ జాకెట్లన్నీ ఆ దండేల మీదికి వచ్చేవి. ఉప్పు వదిలేదాకా మంచినీళ్ళలో ఉతికి, ఎండకి పట్టీలు పెళుసెక్కకుండా నీడన ఆరేసి, ఆరాక ఒక్కొక్కటీ తనే తొడుక్కుని, క్లిప్పులు బిగించి, గట్టిగా లాగి చూసి విప్పేది. పడవెక్కకుండా అన్నిసార్లు లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి ఇంకొకరు ఉండరేమో. "అంతా ముస్తాబే వదినా, పెళ్ళే లేదు" అని నేను ఏడిపిస్తే నవ్వేది.

అన్నయ్య తీసుకెళ్ళనని ఏనాడూ అనలేదు. అంటే గొడవైనా పడేది. సీజన్లో సీటు ఖాళీ ఉండదు, సీజన్ అవనీ అనేవాడు. సీజన్ అయ్యేసరికి గాలీవానా మొదలై పడవలు ఒడ్డెక్కేసేవి. మళ్ళీ సీజన్ వచ్చేది. ఏటా ఇదే పాట. ఆయన దృష్టిలో దీవి ఎక్కడికి పోతుంది, వదిన ఎక్కడికి పోతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళకి చూపించిన చోటు ఇంట్లో మనిషికి చూపించడానికి తీరలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూడండి, పెరటి దీవి సంగతీ అంతే.

ఒక ఏడాది వదిన కాలికి గడప తగలడం, గ్లాసులో పొయ్యాల్సిన నీళ్ళు పక్కన పొయ్యడం మొదలైంది. నేనే పోరుపెట్టి ఇద్దర్నీ కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూసి నీటికాసులంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తరిగిపోతోందట. పోయినది రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి, అయినా ఎంతకాలం నిలుస్తుందో మాట ఇవ్వలేనంది.

ఇంటికొచ్చాక వదిన ఏడవలేదు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదండీ. ఈ చూపు ఉండగానే ఆ దీవి చూపించండి. నాకింకేం వద్దు" అంది.

"వచ్చే వారమే" అన్నాడు అన్నయ్య. మనసులో కూడా అదే అనుకున్నాడు, అందులో నాకు అనుమానం లేదు.

వచ్చే వారం ఎవరో ఆఫీసువాళ్ళు పడవంతా మాట్లాడుకున్నారు. ఆ పై వారం యజమాని చుట్టాలొచ్చారు. ఎలాగైతేనేం, ఒకరోజు సీటు దొరికింది. వదిన నీలం చీర కట్టుకుని రేవుకి వచ్చింది, జాకెట్ తొడుక్కుంది, పడవ అంచు మీద కాలు కూడా పెట్టింది. అప్పుడు కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి పరుగెత్తుకుంటూ వచ్చింది. సాయంత్రమే వాళ్ళ ప్రయాణమట, ఇదే ఆఖరి పడవట. ఖాళీగా ఉన్నది ఒక్క సీటే, రెండోది కావాలంటే వదినదే. యజమాని వదిన వైపు చూసి, "ఇంటి మనిషివే కదమ్మా, రేపెక్కుదువుగాని" అన్నాడు.

అన్నయ్య ఏమంటాడా అని చూశాను. ఇంజను మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. ఈలోగా వదినే క్లిప్పులు విప్పి, ఆ జాకెట్ పెళ్ళికూతురికి తొడిగి, పట్టీ లాగి చూసి, "వెళ్ళి రామ్మా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పడవ తిరిగొచ్చాక నలుగురిలోనే దులిపేశాను. "నీ నోట్లో అదిగో తప్ప ఇంకో మాట లేదా అన్నయ్యా? కాదు, ఈవిడ రావాల్సిందే అనడానికి ఏం అడ్డొచ్చింది?"

"వాళ్ళు మళ్ళీ రారు చెల్లెమ్మా. మేం ఇక్కడే ఉంటాంగా" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

తర్వాత కొద్ది రోజులకే గాలి తిరిగింది. పడవలు ఒడ్డుకి లాగి బోర్లించారు. ఆ వానాకాలమంతా అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. పూటపూటకీ వదిన తల ఒళ్ళో పెట్టుకుని చుక్కలు వేసేవాడు. వేసిన ప్రతిసారీ, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవాడు. "బాగానే ఉంది, మీ నెత్తి మీద తెల్లవెంట్రుకలు లెక్కపెట్టమంటారా?" అనేది. ఆ మాటకి నేనూ నవ్వాను. మరీ అంత ధైర్యంగా చెబుతుంటే నమ్మకేం చేస్తాం? "నేనొట్టి వెధవని చెల్లెమ్మా" అన్నాడొకరోజు నా కొట్టు చూరు కింద వానకి నిలబడి. "ఆ రోజు ఇంజను కట్టేసి దిగిపోయి ఉండాల్సింది." చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నోటిదాకా వచ్చింది కానీ, ఆయన మొహం చూసి మింగేశాను.

రేవు తెరిచిన రోజు యజమాని దగ్గరికి తనే వెళ్ళాడు. మొదటి పడవలో ముందు సీటు మా ఆవిడది, కాదంటే ఇంకో మనిషిని చూసుకోండి అన్నాడు. ఆ మాట వినాలని ఎన్నేళ్ళు కాచుకున్నానో. కొట్టుకి తాళం పెట్టి నేనూ బయల్దేరాను.

వదిన మెట్లు దిగుతూ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నీళ్ళంటే భయమనుకున్నాను. జాకెట్ క్లిప్పులు చకచకా తనే బిగించుకుంది. వేళ్ళకి అలవాటైన పనికి కళ్ళెందుకు? అందుకే నాకు అనుమానం రాలేదు. ముందు సీట్లో నన్ను ఆనుకుని కూర్చుని, మొహం గాలికి పెట్టి, చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది. సముద్రం అద్దంలా ఉంది. వెనక అన్నయ్య ఒక్కసారి కూడా అదిగో అనలేదు. ఆవిడున్న పడవలో ఆ మాట అనడం ఇష్టం లేకపోయిందేమో.

సగం దారి దాటాక అవి వచ్చాయి. ఒకటి కాదు, గుంపు. మా కుడిపక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా, నల్లటి వీపులు లేచి, నీళ్ళు చిమ్మి, మళ్ళీ లేచాయి. పడవలో ఎవరికీ నోట మాట లేదు. ఇన్నేళ్ళుగా రేవులో ఉన్న నేనే అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. వెనకనుంచి అన్నయ్య కేకేశాడు. "అదిగో... ఏమే, అదిగో."

వదిన గొంతు వినిపించిన వైపుకి, వెనక్కి తిరిగింది. కుడిపక్కకి కాదు. "ఆఁ, చూశానండీ. ఎంత బాగున్నాయో" అంది. అని నా మొహం ఉండాల్సిన చోటుకి తిరిగింది.

వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది, చూశాను. అన్నయ్య ఇంజను పక్కన కూలబడిపోయి ఉన్నాడు. నడుస్తున్న పడవలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి నేను చూడటం. చూపు ఎప్పుడు పోయిందో, ఎన్నాళ్ళుగా దాచిందో ఆ పడవలో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పోయిందని చెబితే ఈ ప్రయాణం కూడా ఆగిపోతుందని భయపడిందని తర్వాత తనే చెప్పింది. ఆ క్షణంలో మాత్రం ఆవిడ చెయ్యి నా చేతిలో పెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చాను. తుడుచుకుంటే తెలిసిపోతుందని కాదు, తెలిసే దారి లేదు కదా, అయినా తుడుచుకోలేదు.

పడవ అడుగు ఇసుకకి తగిలింది. ఇంజను ఆగింది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని కేరింతలు కొడుతూ దిగిపోతున్నారు. వదిన కదల్లేదు.

"ఎందుకాపారండీ?"

అన్నయ్య మోకాలి లోతు నీళ్ళలో నడిచి ముందుకొచ్చి, రెండు చేతులూ ఆవిడ వైపు చాపాడు. "దిగు. వచ్చేశాం."

ఆవిడ నవ్వుతున్న మొహం నెమ్మదిగా మారింది. ఆయన భుజం వెతుక్కుని పట్టుకుంది.

"అప్పుడేనా?" అంది. "ఇంతేనా అండీ దూరం?"