పావగడ నుంచి వల్లూరు: భాగ్య చూసిన పదకొండు ముఖాలు

మా అమ్మాయి భాగ్యకు పదిహేనేళ్లు. ఆటిజం ఉంది. రోజూ పొద్దున పది గంటలకు, పావగడలో మేముంటున్న అద్దె ఇంటి గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తుంది. రెండు దాకా కదలదు, తినదు. నా భార్య రత్నమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ ఇదే. వాన కొట్టినా గుమ్మంలోనే. ఈ అలవాటు మాన్పించాలని పోయిన శనివారం పాపను వల్లూరు తీసుకెళ్లాను. వాళ్లమ్మ ఇంటికొచ్చే టైముకు పడిన అలవాటు కదా, ఆమె పనిచేసిన చోట ఆమె కనబడకపోతే పోతుందనుకున్నాను. ఇలాంటి బిడ్డతో ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

పోయిన వేసవిలో బెంగళూరులో ఒక డాక్టరమ్మను కలిశాం. ఎదుటి మనిషి ముఖం, గొంతు, మనసు అర్థం కావాలంటే మెదడులో చాలా భాగాలు కలిసి పనిచేయాలని ఆమె చెప్పారు. ఆటిజం ఉన్న కొందరిలో ఆ భాగాల మధ్య సంబంధాలు ఒకచోట పలచగా, ఒకచోట మరీ దట్టంగా ఉండవచ్చట. అందరిలో ఒకేలా ఉండదని, పరిశోధనలు కూడా ఇంకా ఒక మాట మీదికి రాలేదని అన్నారు. స్కాన్ తీస్తే, తల్లి పోయిన సంగతి పాపకు తెలుసో లేదో కనబడుతుందా అని అడిగాను. “కనబడదు. అంతమాత్రాన తెలియదనుకోకండి” అన్నారు. ఆ రెండో మాట నేను పట్టించుకోలేదు. పొలాల్లో ప్యానెళ్లు పరిచి కరెంటు తీసే సోలార్ పార్కు ఊరివాణ్ణి. ప్యానెల్ ఉంది, లైను లేదు, కరెంటు రాదు అని నాకు నేనే తేల్చుకున్నాను. పాపకు దుఃఖం తెలియదు, అదొక్కటే మేలు అని చుట్టాలందరికీ చెప్పాను.

పావగడ బస్టాండులో తిరుమణి వైపు పోయే మొదటి బస్సు ఐదుంపావుకు ఎక్కాం. ముందురోజు సాయంత్రమే టైము కనుక్కోవడం మంచిది, మారుతూ ఉంటుంది. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకు డబ్బుల్లేవు; ఆధార్ కార్డు చూపిస్తే పాపకు ఫ్రీ టికెట్, నాకు ముప్పై రూపాయలు. కండక్టరు “పేరేంది పాపా?” అని అడిగాడు. పాప కిటికీ వైపు తిరిగింది. ఎప్పుడో ఒక్క మాట తప్ప మాట్లాడదని చెప్పాను. “మాట్లాడకుంటే ఏమైంది సార్. మా ఇంట్లో ఒగతె ఉండాది, నిద్రలో గూడా మాట్లాడతాది” అని చిల్లర ఇచ్చి ముందుకు పోయాడు. ఆరు దాటాక తిరుమణిలో దిగాం. అక్కడి నుంచి వల్లూరుకు షేర్ ఆటో, మనిషికి ఇరవై.

రోడ్డుకు రెండు పక్కలా ప్యానెళ్లే. ఆటో నడిపే నాగేంద్ర అద్దంలో నన్ను చూసి, “సోలార్ చూసేకి వచ్చినారా సార్? ఏముండాది ఆడ, అన్నీ అద్దాలే” అన్నాడు.

“మా వేరుశనగ చేను ఉండేది ఇక్కడ.”

“అట్లనా! అయితే కనపడదులే సార్. కిందుండాది.”

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చాక, అందులోనే ప్యానెళ్లు కడిగే పనికి రత్నమ్మ కుదిరింది. మన చేను మనమే కడుక్కుంటే తప్పేంది అనేది. ఆరింటికి పని మొదలు. ఎండకు అద్దాలు కాలకముందే నీళ్లు కొట్టి వైపర్‌తో తుడవాలి. కంపెనీ వ్యానే చీకటితో తీసుకెళ్లి, పదింటికి ఇంటి దగ్గర దింపేది. ఒకరోజు పని దగ్గరే గుండె ఆగింది. శవాన్ని ఇంటికి తెచ్చేలోపే పాపను అరసికెరెలో మా అక్క ఇంటికి పంపించేశాను. నలుగురిలో అరుస్తుందని, అర్థం కాని బిడ్డ ఎందుకని. పదకొండు రోజుల తర్వాత తీసుకొచ్చాను. అప్పటికి గోడ మీద ఫోటో, దండ. అది చాలనుకున్నాను. నోటితో ఏమీ చెప్పలేదు.

గేటు దగ్గర ఏడయింది. లోపలికి ఊరికే వదలరు, సూపర్‌వైజరుకు రెండు రోజుల ముందే ఫోన్ చేసి అడిగి ఉంచాను. ట్యాంకర్ పక్కన రత్నమ్మతో పనిచేసిన ఆడవాళ్లు వరుసల్లో ఉన్నారు. చీర మీద మగవాళ్ల చొక్కా, దాని మీద నారింజ రంగు సేఫ్టీ జాకెట్, తల మీద టోపీ. దుమ్ముకు, ఎండకు తువ్వాలు ముఖమంతా చుట్టుకుంటారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు.

పాప నా చెయ్యి వదిలించుకుని మూడో వరుసలోకి పోయింది. రత్నమ్మది ఆ వరుసేనని పాప ఇంట్లో వినే ఉంది. అక్కడున్న కొత్తామె ముందు నిలబడి, ఆమె తువ్వాలు పట్టుకుంది. ఆమె బెదిరి వెనక్కి జరిగింది. “తీయవే, బిడ్డకు చూపించు” అని పెద్దామె ఒకరు కేకేసింది, గొంతును బట్టి గంగమ్మని పోల్చుకున్నాను. ఆమె తువ్వాలు కిందికి లాగింది. పాప ఆ ముఖంలోకి చూసింది. “కాదు” అంది. తర్వాతి ఆమె దగ్గరికి పోయింది.

“పెండ్లిచూపులా పాపా ఇవి? మీసాల్లేవు చూసుకో” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. రెండో ముఖం. “కాదు.” మూడోది. నవ్వులు ఆగాయి. నాలుగో ఆమె తనే తువ్వాలు తీసి నిలబడింది. వైపర్లు కింద పెట్టి ఒక్కొక్కరే తీశారు. ముఖాలు చూడదని నేను డాక్టరమ్మకు చెప్పిన పిల్ల, ప్రతి ముఖం ముందూ ఆగి చూసింది. పదకొండు మంది. పదకొండు సార్లు కాదంది.

అప్పుడు “పన్నెండు” అంది.

ఆ గుంపు ఎప్పుడూ పన్నెండు మందే. ఒకరు పోతే వేరొకరిని పెడతారని ఇంట్లో రత్నమ్మ చెప్పేది. గంగమ్మ చప్పున, “ఒగామె రాలేదు పాపా ఈపొద్దు. రేపొస్తాది” అంది. అన్న వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప నావైపు తిరిగి నా కళ్లలోకి చూసింది. పదిహేనేళ్లలో అట్లా చూడడం నాకు గుర్తు లేదు. నేనే తల దించుకున్నాను.

“చెప్పప్పా” అంది గంగమ్మ. “మేం చెప్పేది కాదు అది.”

“ఆ పన్నెండో ఆమె అమ్మ కాదు” అన్నాను. “అమ్మ చచ్చిపోయింది. రాదు.”

పాప పోయి ప్యానెల్ కింద నీడలో కూర్చుంది. గంగమ్మ పక్కన కూర్చుని తన క్యారియర్లో నుంచి అన్నం ముద్ద పెట్టబోయింది. పాప నోరు తెరవలేదు. ఆడవాళ్లు మళ్లీ తువ్వాళ్లు చుట్టుకున్నారు, అద్దాలు కాలకముందు వరుస ముగించాలి. తొమ్మిదిన్నరకు బయల్దేరి, పన్నెండుకు ఇల్లు చేరాం.

ఆదివారం పది అయింది. పాప గుమ్మంలోకి రాలేదు. సోమవారమూ రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది. నేను మాన్పించాలనుకున్నది మానేసింది. అది అలవాటు కాదని, ఎదురుచూపని, మానేశాకే నాకు తెలిసింది. పాప అట్లా నిలబడ్డ పద్నాలుగు నెలలూ నేను ఆ గుమ్మం వెనక గదిలోనే కూర్చుని ఊళ్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పాను. ఎవరికి ఎవరి మనసు అందలేదో ఏ డాక్టరునూ అడగాల్సిన పని లేదు నాకు. ఇప్పుడు ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల మేలు జరిగిందని మాత్రం రాయలేను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బయల్దేరే ముందురోజే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ ఎవరు ఉండరో చిన్న మాటల్లో చెప్పండి. జవాబు రాకపోయినా చెప్పండి.