బాయిల మునిగినట్టు దమ్ము వట్టు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని, ఎక్స్‌రే గదిలో ఇన్నేళ్లు నా ఒంటిని కాపాడిన సీసపు కోటు మీద ఒట్టేసి చెబుతున్నాను. అబద్ధమైతే నా ఎముకలే సాక్ష్యం చెబుతాయి. వాటి ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి.

కరోనా సద్దుమణిగాక నన్ను భూపాలపల్లి నుంచి మహబూబాబాద్‌లో ఒక దవాఖానకు రేడియోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. ఎక్స్‌రే తీసేవాడు రేడియోగ్రాఫర్, దాన్ని చదివేవారు రేడియాలజిస్టు. కాగితం మీద ఇద్దరికీ ఒక మెట్టే తేడా. నిజానికి అది రెండంతస్తుల మేడ. సొంతూరు జనగామ గనుక రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. రైలు ఆలస్యమైతే దిగేలోపు ఒక కారణం తయారయ్యేది. ఆ విద్యలో నాకు కొంచెం పేరుంది.

మరుసటి ఏడాది భీమవరం వైపు నుంచి డాక్టర్ హారిక చేరింది. చదువు అప్పుడే ముగించుకొచ్చిన రేడియాలజిస్టు. వచ్చిన వారానికే పాత రిజిస్టర్లు ముందేసుకుంది. ఛాతీ ఎక్స్‌రేకి రోగి నిండా గాలి పీల్చి కదలకుండా ఆపాలి. ఆపకపోతే పటం మసకబారుతుంది, మళ్ళీ తీయాలి, ఒంటికి మళ్ళీ కిరణాలు తగులుతాయి. అలా మళ్ళీ తీసిన ప్రతిచోటా ‘రోగి సహకరించలేదు’ అని రాసి ఉంది. దాదాపు అందరూ తండాల వాళ్ళు, పల్లెల వాళ్ళు.

“ఎవరి దస్తూరీ అండీ ఇది?” అని అడిగింది.

నాకు ముందు నుంచీ ఇక్కడ పనిచేసిన సాంబన్నదని చెప్పాను. మహా బద్ధకస్తుడు, మొన్ననే రిటైరయ్యాడు అని కూడా చేర్చాను.

ఆమె దీన్నే పరిశోధనగా పట్టుకుంది. యువ డాక్టర్ల బహుమతి పోటీకి పేరు ఇచ్చేసింది. పై డాక్టరు నవ్వి, పల్లె జనం మాట వినరమ్మా, దానికి పరిశోధన దేనికి అన్నాడు. నెలలోగా అసలు కారణం తేల్చకపోతే పోటీ నుంచి తప్పుకోవాలి. జనం మీద ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది.

మూడు వారాలు గడిచినా కారణం దొరకలేదు. అప్పుడు గార్ల పక్క తండా నుంచి దగ్గుతో బాల్యా తాత వచ్చాడు. ఇంట్లో వాళ్ళ భాష వేరు, మాతో మాత్రం తెలుగే. అంగీ విప్పించి స్టాండుకు నిలబెట్టాను. హారిక స్వయంగా చెప్పింది: “దీర్ఘంగా శ్వాస తీసుకుని బిగపట్టండి.”

తాత నా వైపు తిరిగాడు. “ఏమంటున్నది సారు గీ బిడ్డె?”

‘దమ్ము’ అంటే తెలుస్తుందని ఆమె చెవిలో వేశాను. ఆమె హుషారుగా, “తాతా, దమ్ము గట్టిగా లాగండి!” అంది.

“గీడనేనా?”

“ఇక్కడే. త్వరగా.”

తాత చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. “అగ్గిపెట్టె అంగీల ఉన్నది. జర అందియ్యి సారు.”

హారిక కేక పెట్టింది. తాతకు కోపమొచ్చింది. “నువ్వే గుంజుమంటివి, మళ్ల నువ్వే లొల్లి వెడ్తివి! ఏం జెయ్యమంటవో సక్కగ జెప్పరాదు?”

నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. ఆమె నవ్వలేదు. ఊపిరి లోపలే ఆపాలి తాతా, మీరైతే ఎలా చెబుతారు అని అడిగింది.

“బాయిల మునిగేటప్పుడు దమ్ము వడ్తం, గట్లనా? గా ముక్క ముందుగాల జెప్తే అయిపోవు గదా!”

బావిలో మునిగినట్టే ఊపిరి పట్టాడు. బటన్ నొక్కాను. తెర మీద ఊపిరితిత్తులు పక్కటెముకలు లెక్కబెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. ఆ సంబరంలో హారిక తెరకు అతుక్కుపోయింది, నేను టీకి వెళ్ళాను. తిరిగొస్తే తాత ఇంకా స్టాండు దగ్గరే, వంకాయ రంగులో ఉన్నాడు. వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు మరి.

“ముంచుడేనా, లేపుడు లేదా బిడ్డా?” అన్నాడు గాలి తీసుకుని.

అంతకంటే సహకరించిన రోగిని నేను చూడలేదు.

ఆ రోజు నుంచి మా గదిలో రెండే ఆజ్ఞలు: బాయిల మునిగినట్టు దమ్ము వట్టు; ఇగ పైకి లేవు. మళ్ళీ తీయాల్సిన పటాలు బాగా తగ్గిపోయాయి. పోటీ జరిగిన సదస్సులో ఒక పెద్దాయన ఏ కొత్త యంత్రం వాడారని అడిగితే, “బాయి, సార్” అంది హారిక. బహుమతి ఆమెకే వచ్చింది. అందుకుంటూ, సాంబన్నగారు ‘రోగి సహకరించలేదు’ అని ప్రతిసారీ వదలకుండా రాసిపెట్టకపోతే తనకీ పరిశోధనే లేదని, వెనక వరుసలో కూర్చున్న నన్ను చూస్తూ చెప్పింది.

నేను నేర్చుకున్నది ఇంతే: పటం మసకబారితే రోగి కంటే ముందు మన మాటను పరీక్షించాలి.

ఇక ఒట్టు సంగతి. బీడీ నిజం, బాయి నిజం, బహుమతి నిజం. టీ మాత్రం సగమే తాగాను. కల్పించింది సాంబన్నను. అలాంటి మనిషి ఆ దవాఖానలో ఎన్నడూ లేడు. హాజరు పట్టీలో నా సంతకం రోజూ చూసే హారికకు అది మొదటి రోజే తెలిసి ఉంటుంది. ఆ దస్తూరీ నాది.