సూర్యారావు మావ చైనా శరత్తు

మా నరసన్నపేట బజారులో సూర్యారావు మావ పచారీ కొట్టుకి వెళ్ళి, నాలుక చూపించకుండా సరుకు తెచ్చుకున్న మనిషి లేడు. ఏడాదంతా కాదు, దసరా వెళ్ళిన దగ్గర్నుంచి చలి ముదిరేదాకా. ఆ రోజుల్లో మావ వ్యాపారి కాదు, చైనా వైద్యుడు. కందిపప్పు అడిగితే "ముందు నాలిక సాపు" అనేవాడు. చింతపండు అడిగితే నాడి కూడా పట్టేవాడు.

ఆటో నడిపే అసిరయ్య ఒకరోజు ఎండుమిరపకాయలకి వచ్చాడు.

"ఇవ్వను" అన్నాడు మావ.

"అయిపోనాయేటి?"

"బస్తాడున్నాయి. సరత్తులో కారం ఊపిరితిత్తులకి సత్రువు. పులుపు తినాల. సింతపండు పట్టుకెళ్ళు."

"మిరపకాయల్లేకండా ఇంటికెళ్తే మాయావిడ నన్నే పులుసెట్టేస్తాది బాబూ!"

మావ కరగలేదు. అసిరయ్య ఎదురుగా ఉన్న నా కొట్టుకొచ్చి మిరపకాయలడిగాడు. నాది పుస్తకాల కొట్టు. "ఎర్రసిరా ఉంది, పనికొస్తాదేటి?" అన్నాను. ఆ తర్వాత వారం రోజులు నన్ను ఆటో ఎక్కించుకోలేదు.

చైనా శాస్త్రంలో శరత్తు పొడి ఋతువట. అక్కడ నిజమే కావచ్చు. మాకు మాత్రం వాయుగుండాలు పట్టేది ఆ నెలల్లోనే. ఓసారి బజారు వీధిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నేను నోటుపుస్తకాల కట్టలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. మావ స్టూలెక్కి, మెడకి పొందూరు ఖద్దరు తువ్వాలు బిగించుకుని, "ఒరే హరిబాబూ, గాలి ఎంత పొడిగా ఉన్నాదో సూసేవా?" అని కేకేశాడు.

"మోకాళ్ళదాకా నీళ్ళలో ఉన్నాను మావా!"

"అది బయట. నేను సెప్తన్నది లోపలి సంగతి."

లోపలి సంగతి ఆయనకి తెలుసు. కన్యాకుమారి అత్త పోయాక ఆ ఇంట్లో రెండో గొంతు లేదు. సాయంత్రం కొట్టు కట్టేసి వెళ్ళి ఫోనులో వీడియోలు పెట్టుకునేవాడు. వాటిలో తెల్లగడ్డం చైనా వైద్యుడొకాయన ఎవరిదో తెలుగు గొంతుతో మాట్లాడేవాడు. పెదాలు ఒకటంటే మాట ఇంకోటి వినిపించేది. మావ మధ్యమధ్యలో "ఆఁ, అదే కదా!" అని జవాబిచ్చేవాడు. నేను వీధిలోంచి విని, చుట్టాలెవరో వచ్చారనుకుని వెనక్కి వెళ్ళిపోయిన రోజులున్నాయి. దిగులు ఊపిరితిత్తుల్లో కాపురముంటుందనీ, శరత్తులో తలెత్తుతుందనీ మావకి చెప్పింది ఆ గడ్డం ఆయనే.

మా వెనక వీధిలో పద్మకుమారి టీచరు గారుంటారు. ఆవిడా, చెల్లెలు ఝాన్సీలక్ష్మి గారూ పెళ్ళి మాట ఎత్తకుండా ఒకరికొకరుగా బతికారు. పోయినేడు వినాయక చవితి వెళ్ళాక చెల్లెలు పోయారు. అప్పట్నుంచి టీచరు గారు తలుపు తీయడం మానేశారు. పలకరించడానికి ఎవరు వెళ్ళినా "బాగానే ఉన్నానండీ" అని తలుపు సందులోంచి చెప్పి గడియ వేసేవారు.

ఆ ఏడు దసరా వెళ్ళాక ఒకనాడు ఆవిడ మావ కొట్టుకొచ్చి అటుకులడిగారు.

"ముందు నాలిక" అన్నాడు మావ.

బజారంతా కొయ్యబారిపోయింది. సగం బజారుకి చదువు చెప్పిన మనిషి ఆవిడ.

"నేను అటుకులకొచ్చాను సూర్యారావు గారూ."

"మీకు సరత్తు పట్టీసింది టీచరమ్మగారూ. బేరిపండు దొలిచి, లోపల కలకండెట్టి, ఆవిరి మీద ఉడికించి తినాల. సాయంత్రం నేనట్టుకొస్తాను."

"నాకే రోగమూ లేదండీ."

"రోగమున్నోళ్ళందరూ అదే మాటంతారు."

అన్నట్టే ఇడ్లీ పాత్రతో బయల్దేరాడు. ఒక్కడే వెళ్తే నలుగురూ ఏమంటారోనని నన్నూ లాక్కెళ్ళాడు. టీచరు గారు తలుపు కాస్త తీసి, "అక్కడ పెట్టి వెళ్ళండి" అన్నారు.

"అలా కుదర్దు. ఈ మందు ఒంటరిగా తింటే వికటిస్తాది. సగం రోగి తినాల, సగం వైద్యుడు తినాల. సైనా సాస్త్రం."

"మరి హరిబాబు ఎందుకు?"

"సాక్షి."

ఆవిడ నా మొహం చూశారు. నేను వీలైనంత సాక్షిలా నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది.

లోపల వంటిల్లు చల్లగా, పొయ్యి ముట్టించని ఇంటిలా ఉంది. టీచరు గారు ఓ ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, "ఉడకలేదు" అన్నారు.

"సైనాలో ఇలాగే తింతారు."

"చైనాలో పొయ్యిలుండవా? రేపు పళ్ళు తెండి. నేను ఉడికించి చూపిస్తాను."

అలా మొదలైంది తగువు. మర్నాడు ఎక్కువ ఉడికిందని మావ వంకపెట్టాడు. ఆ మర్నాడు తీపి చాల్లేదన్నాడు. ఆవిడ ఊరుకునే మనిషా? పండు కోసం వెలిగిన పొయ్యి మీదికి నెమ్మదిగా పప్పు ఎక్కింది, చారు ఎక్కింది. కార్తీకం వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉండేది. ఒక సాయంత్రం టీచరు గారి నవ్వు వీధి చివరిదాకా వినపడితే, ఎవరింట్లోదా అని జనం బయటికొచ్చి చూశారు.

ఆ రోజుల్లోనే నాకు దగ్గు పట్టింది. పోనీ చూద్దామని ఆ బేరిపండు వీడియో మొదట్నుంచి చివరిదాకా చూశాను. ఇద్దరు తినాలన్న ముక్క అందులో ఎక్కడా లేదు. నేరుగా వెళ్ళి అడిగేశాను.

"అవును, లేదు" అన్నాడు మావ, తూకం పళ్ళెం తుడుస్తూ. "టీచరమ్మగారు సెల్లెలు పోనాక ఉప్పు కొన్నారేటి? కొనలేదు. ఉత్త అటుకులు. ఉప్పు కొనలేదంటే ఆ ఇంట్లో వంట లేదని. అది కొట్టోడికి కాక ఇంకెవలికి తెలుస్తాది?"

"అయితే చైనా ఆయన మీద పెట్టి అబద్ధమాడేశావు."

"అబద్ధమేటిరా? ఆ దేసంలో ఎటు సూసినా జనమే కదా. ఒక్కడూ కూకుని తిందామన్నా కుదర్దు. అందికే ఆయనకి సెప్పాల్సిన పని లేకపోనాది. మనకే ఉన్నాది."

అని కొట్టు కట్టేసి, సంచిలో బేరిపళ్ళు వేసుకుని, ఆవేళ్టి తగువుకి హుషారుగా బయల్దేరాడు.