ఎండవైపు సీటు

ఇటలీలోని క్రెమోనాలో మూడు రోజులుండి పాత వయొలిన్లు చూసివచ్చాను, ఇది నిశ్చయం. వాయించకుండా ఉంచితే వాటి నాదం చచ్చిపోతుందన్నది అక్కడి గైడు మాట. దానికి రుజువు నాకు దొరకలేదు.

బహ్రెయిన్‌కు తిరిగొచ్చిన వారంలోనే, అస్కర్ లేబర్ క్యాంపుల వైపు వెళ్లే బస్సులో అందరూ నీడవైపు కూర్చుంటే, ఒకతను మాత్రం ఎండవైపు కిటికీకి డప్పు ఆనించి కూర్చున్నాడు. తెలుగువాడినని చెప్పి కారణం అడిగాను.

"క్యాంపుల మంట వెట్టనియ్యరు సార్. తోలు కాగకుంటే మోగుతదా?"

వేడికి తేమ పోయి తోలు బిగుస్తుంది; అది నిజమే. సాయంత్రం డప్పు వినబడితే దాన్ని బయట పారేస్తానని క్యాంపు సూపర్‌వైజరు బెదిరించాడట. నేను గైడు మాట చెప్పాను.

"గా ముచ్చట మా సూపర్‌వైజర్‌కు జెప్పుండ్రి!" అని నవ్వాడు.

"మరి వాయిస్తారా?"

"డ్యూటీల ఆయన మాటింట. డ్యూటీ ఖలాస్ అయినంక నా చేతులు నాయి. పారేస్తే పారేయనీ, ముందుగాల ఇననీ!"

అంటూనే రెండు దెబ్బలు వేశాడు. డ్రైవరు అరిచాడు. మూడోది ఇంకా గట్టిగా వేసి, "మీరూ వచ్చి ఇనుండ్రి సార్" అంటూ క్యాంపు గుర్తులు చెప్పాడు.

ఆ సాయంత్రం డప్పు మోగిందో లేదో నాకు నేటికీ తెలియదు. కారణం ఒక్కటే: నేను నా స్టాపులో దిగి ఇంటికి వెళ్లిపోయాను.