జ్వరంలో వచ్చిన ట్యాంకులు

ఆ రోజు పొద్దున దొడ్డి తడిక తీయబోతే చేతకాలేదు. రోజూ ఒంటి చేత్తో పక్కకు నెట్టేసే తడిక అది. నడుములో సన్నగా ఒక నొప్పి లేచి కుడి కాలి దాకా దిగింది. మాఘమాసం, ఇంకా దుప్పటి కప్పుకుని తిరిగే చలి. నా చొక్కా మాత్రం పిండితే నీళ్ళు కారేట్టు చెమటతో తడిసింది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. అలా అనుకుని తప్పించుకోవడం నాకు బాగా అలవాటు.

నా పేరు మాలకొండయ్య. ఉదయగిరి కొండ కనబడే ఒక చిన్న ఊరు మాది. ఊళ్ళో మిలటరీ మాలకొండయ్య అంటేనే తెలుస్తుంది. పదిహేడేళ్ళు ఆర్మీలో ట్యాంకు నడిపాను. తిరిగొచ్చాక పాతికేళ్ళుగా మా తాతముత్తాతల పనే చేస్తున్నాను, గొర్రెలు మేపడం. అయినా ఎవరు అడిగినా ‘ఎక్స్ సర్వీస్‌మన్’ అనే చెప్పేవాడిని. ఆ మాటలో ఉన్న దర్జా ‘గొర్రెలు మేపుతాను’ అనడంలో ఎక్కడుంది? ఆ దర్జా నా ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

సాయంత్రమయ్యే సరికి జ్వరం వచ్చేది. పొద్దునకు చెమటలు పట్టి దిగిపోయేది. నాలుగు రోజులు మామూలుగా ఉంటే ఐదో రోజు మళ్ళీ మొదలు. ఆరెంపీ డాక్టరు రెండు ఇంజెక్షన్లు వేశాడు. తగ్గకపోతే ఆత్మకూరు వెళ్ళాం. అక్కడ రక్తం తీసి, "విడాల్ పాజిటివ్. టైఫాయిడ్" అన్నారు. చీటీలో వృత్తి ఏమిటని అడిగితే, నేను ఎప్పటిలాగే నా మాట చెప్పాను. కాంపౌండరు సెల్యూట్ కొట్టి మరీ రాసుకున్నాడు. నేను మురిసిపోయాను.

టైఫాయిడ్ మందులు రెండు కోర్సులు అయ్యాయి. జ్వరం పోలేదు సరికదా, జ్వరంలో నాకు ఒక వాసన రావడం మొదలైంది. డీజిలు, ఉప్పునీళ్ళు కలిసిన వాసన. మా మెట్ట ఊళ్ళో ఉప్పునీళ్ళ వాసన ఎక్కడిది? నాకు మాత్రం తెలుసు అది ఎక్కడిదో. ఎవరికీ చెప్పలేదు.

ఏటా వరికోతలయ్యాక మందను దిగువకు, ఆత్మకూరు పక్కన కాలవ కింది పొలాలకు తోలుకుపోతాం. కోసిన మళ్ళలో గొర్రెలు మేస్తాయి, రైతుకు ఎరువు దక్కుతుంది. ఈసారి వద్దని నా భార్య రవణమ్మ మొత్తుకుంది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ పిలిచిన పిలుపే ఇప్పటికీ.

"ఒళ్ళు కాలిపోతా ఉండాది బావా. పెంచలయ్య తోలుకపోతాడులే. నువ్వు పడుకో" అంది.

పెంచలయ్య మా కొడుకు. ముప్పై ఏళ్ళవాడు, మంద చూసుకోగలడు. అయినా నేను వినలేదు. ముగ్గురం వెళ్ళాం.

మూడో రోజు, మధ్యాహ్నం దాటి నాలుగైంది. జ్వరం అప్పుడే ఎక్కుతోంది. పక్క మడిలోకి చైన్ మిషన్ దిగింది. అది చక్రాల మీద కాకుండా పట్టాల మీద నడిచే కోత మిషన్. నేల అదురుతుంది, ఆ అదురు పాదాల్లోంచి పైకి వస్తుంది. ఏటా చూసేదే. ఆ రోజు మాత్రం తల తిప్పి చూస్తే అది కోత మిషన్ కాదు. ట్యాంకు. దాని వెనక ఇంకొకటి. వాటి వెనక సముద్రం, నోరు తెరిచిన ఓడ. ట్యాంకుల మధ్యన బరువులు మోసుకుంటూ వంగి నడిచే జవాన్లు. అందరూ గట్టు దిగి లోపలికి, మా మంద వైపే వస్తున్నారు. రవణమ్మ అన్నం గిన్నె పట్టుకుని మడికి అడ్డంగా నడిచి వస్తోంది. ఆమె కాలి కింద ఏముందో ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

నేను పరిగెత్తాను. హిందీలో అరిచానట. ఆమె మణికట్టు పట్టుకుని లాగి, పిల్లకాలవలో పడేసి, మీద పడుకున్నాను. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. విని కూడా వదల్లేదు.

"బావా, నేను రవణమ్మని. చెయ్యి ఇడువు" అంటూనే ఉంది. పెంచలయ్య, మిషన్ డ్రైవరు వచ్చి నన్ను లాగేదాకా ఆమెను లేవనివ్వలేదు.

ఆత్మకూరులో ఎక్స్‌రే తీసి, పిండికట్టు వేస్తూ డాక్టరు ఆమెను అడిగాడు. "ఎలా జరిగిందమ్మా?"

"గట్టు మీద కాలు జారినాను సార్."

నా ఎదురుగానే చెప్పింది. నావైపు చూడలేదు. యుద్ధంలో కూడా నేను అంత భయపడలేదు. అక్కడ భయం ఎదుటివాడి గురించి, ఇక్కడ నా చేతుల గురించే. ఆ సాయంత్రం పెంచలయ్యను పిలిచి, ఇంట్లో గొడ్డలి, కొడవళ్ళు, ఆకు కోసే కత్తి అన్నీ వాడి అత్తగారింట్లో పెట్టి రమ్మన్నాను. వాడి కళ్ళు చూస్తే వాడికీ భయంగానే ఉందని అర్థమైంది.

మందను పక్క ఊరివాళ్ళకు అప్పజెప్పి ఇంటికొచ్చేశాం. జ్వరం ఎక్కినప్పుడల్లా నాకు పెరట్లో కూడా మందుపాతరలే. "నా అడుగులోనే అడుగెయ్యి" అని రవణమ్మ మీద అరిచేవాడిని. పిండికట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని, ఆ మనిషి నా అడుగులు వెతుక్కుంటూ బావి దాకా నడిచేది. ఇరుగుపొరుగు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేసి రావడం మానేశారు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. "యుద్ధం పిచ్చి ఇప్పుడు పైకొచ్చిందిరా" అని మా అన్న తేల్చేశాడు. నేనూ అదే నమ్మాను. ఎందుకంటే దాచిపెట్టిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది.

రవణమ్మ, పెంచలయ్య నన్ను నెల్లూరులో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. యాభై ఏళ్ళావిడ. నెమ్మదిగా మాట్లాడింది. "ఆ ట్యాంకులు ఎక్కడివో మీకు తెలుసు కదా. చెప్పండి" అంది. ముప్పై ఏళ్ళు దాటింది, నన్ను ఎవరూ అలా అడగలేదు. చెప్పేశాను.

మన సైన్యం శ్రీలంకలో ఉన్న రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. ఓడ ముందు భాగం తలుపులా తెరుచుకుంటే, మోకాటి లోతు నీళ్ళలోకి ట్యాంకులు దింపి, ఇసుక ఎక్కి, తాటితోపుల మధ్యగా లోపలికి పోవాలి. మాకు ఒకటే నియమం. ముందు బండి జాడలోనే నీ బండి పోవాలి, వెనక నడిచే జవాను ఆ జాడలోనే అడుగెయ్యాలి. జాడ పక్కన మట్టిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఆ రోజు అన్నిటికన్నా ముందు బండి నాదే. ఒక చోట దారి మధ్యలో ఒక మేక కట్టేసి ఉంది. ఇంటివాళ్ళు వదిలేసి పారిపోయారు. గొర్రెల కాపరి ఇంట్లో పుట్టినవాడిని, కట్టేసి ఉన్న మేక మీదికి బండి ఎలా పోనిస్తాను? కొంచెం ఎడమకు తిప్పి, చుట్టి మళ్ళీ దారిలోకి వచ్చాను. నా వెనక జవాను ఒకడు ఆ వంకర తిరగకుండా అడ్డంగా నడిచాడు, నాలుగడుగులు కలిసొస్తాయని. బాంబు పేలింది. వాడి పేరు కూడా నాకు తెలియదు. బండి ఆపడానికి లేదు, ముందుకే పోయాను.

చెప్పడం అయ్యాక రవణమ్మ వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఈ మాట వినడం అదే మొదలు.

డాక్టరమ్మ వెంటనే ఏమీ రాయలేదు. నా చెయ్యి పట్టుకుని చూసి, థర్మామీటర్ పెట్టింది. నూట రెండు.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు వచ్చింది?" అంది.

"యుద్ధం గదమ్మా, అది లోపలే ఉంటాదంట" అంది రవణమ్మ.

"ఉంటుందమ్మా. కానీ యుద్ధానికి నూట రెండు జ్వరం రాదు. నడుం నొప్పి రాదు. ఈయన ఇప్పుడేం పని చేస్తారు?"

"ఎక్స్ సర్వీస్‌మన్ మేడం" అన్నాను.

"అది అప్పుడు. ఈ ఏడాది మీ చేతులతో ఏం పని చేశారో చెప్పండి."

నేను తడుముకున్నాను. రవణమ్మ అందుకుంది. "ఏముండాదమ్మా, గొర్లు. కార్తీకంలో నాలుగు గొర్లు నెలలు నిండకముందే ఈసకపోయినాయి. ఈయనే ఉత్త చేతుల్తో మాయ లాగినాడు. చేతులు మట్టితో రుద్దుకుని అన్నానికి కూర్చున్నాడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఆ పూటే మమ్మల్ని పెద్దాసుపత్రికి పంపింది. బ్రూసెల్లా టెస్ట్ పాజిటివ్. ఎమ్మారై తీస్తే వెన్నుపూసలో ఇన్‌ఫెక్షన్. వెన్నులోంచి నీళ్ళు తీసి చూసి, అక్కడి డాక్టరు పెంచలయ్యకు చెప్పాడు. "గొర్రెల నుంచి వచ్చిన జబ్బు ఇది. మెదడు మీది పొర దాకా పాకింది. ఆలస్యమైంది, చెయ్యి మాత్రం దాటలేదు."

పిచ్చి కాదన్నారు. సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. పాతికేళ్ళుగా నా కడుపు నింపిన పనిని నోటితో చెప్పడానికి సిగ్గుపడి, రవణమ్మ చెయ్యి విరగ్గొట్టాను.

వార్డులో ఇంజెక్షన్లు వారాల తరబడి సాగాయి. ట్రాలీ చక్రాలు దొర్లిన ప్రతిసారీ మంచం కమ్మీ పట్టుకునేవాడిని. రవణమ్మకు కూడా రక్తం తీశారు. రిపోర్టు రావడానికి పట్టిన ఆ రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. ఆమెకు నెగటివ్ వచ్చింది.

నెలల కొద్దీ వాడమని మాత్రలిచ్చి ఇంటికి పంపారు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్. జ్వరం పోయింది, ట్యాంకులు పోయాయి. కానీ ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పే ఉంటారు, నా తలలో నిలవలేదు. రక్తం పోతోందనుకున్నాను. మాత్రలు కిడ్నీలు తినేస్తున్నాయని నాకు నేనే తీర్పు చెప్పుకుని, మింగినట్టు నటించి, నా మిలటరీ ట్రంకు పెట్టెలో దాచాను. పదకొండో రోజు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. ఆ వెనకే డీజిలు వాసన. ఓడ తలుపు ఇంకా తెరుచుకోలేదు, కానీ అది తెరుచుకోబోతోందని తెలుస్తోంది. ఈసారి నేను దాచలేదు. వణుకుతూ రవణమ్మను పిలిచి పెట్టె తెరిచి చూపించాను.

ఆమె తిట్టలేదు. పెంచలయ్య చేత ఫోన్ చేయించింది. డాక్టరు మాత్రం గట్టిగానే తిట్టాడు. "అది రక్తం కాదయ్యా, మందు రంగు. చెప్పి పంపాం కదా. ఇంకోసారి మానేస్తే నేను కూడా ఏమీ చెయ్యలేను." మళ్ళీ వారం ఆసుపత్రిలో ఉండి వచ్చాను. అప్పటి నుంచి మాత్ర ఆమె చేతిలోంచే నా నోట్లోకి వెళ్ళింది, నాలుక ఎత్తి చూపించాలి కూడా. మిలటరీలో కూడా అంత డిసిప్లిన్ చూడలేదు.

పశువుల డాక్టరు వచ్చి మంద మొత్తానికి రక్తం తీశాడు. జబ్బున్న వాటిని తీసేశాం. ఇప్పుడు గొర్రె ఈనేటప్పుడు పెంచలయ్య గ్లవ్స్ తొడుక్కునే చెయ్యి పెడతాడు, పచ్చిపాలు ఎవరం తాగం. నేను చేతికర్ర పట్టుకుని నడుస్తాను. రవణమ్మ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. ఆమె గడప దాటినప్పుడల్లా నా కళ్ళు దాని మీదికే పోతాయి.

ఇది చదివే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు మీ పని అడిగితే, గొప్ప కోసం పాత పని చెప్పొద్దు. ఈమధ్య మీ చేతులు ఏం ముట్టుకున్నాయో చెప్పండి. పేడైనా, రక్తమైనా, మాయైనా సిగ్గుపడకుండా చెప్పండి. మీకు నోరు రాకపోతే, ఇంట్లో చెప్పేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

జ్వరం తెచ్చిన ట్యాంకులు జ్వరంతోనే పోయాయి. ఆ మేక, ఆ జవాను పోలేదు. అవి జబ్బు కాదు, అవి జరిగినవి. వాటి కోసం డాక్టరమ్మ దగ్గరికి ఇంకా రెండు నెలలకోసారి వెళ్ళి వస్తున్నాను.

మొన్న కోతలప్పుడు, ఏడాది తర్వాత మళ్ళీ ఆత్మకూరు పక్కకు వెళ్ళాం. చైన్ మిషన్ మడి కోసి వెళ్ళిపోయింది. మట్టిలో దాని జాడ పెద్ద వంకర తిరిగి గట్టు దాకా పోయింది. ఒంట్లో జ్వరం లేదు, అయినా నా కాళ్ళు వాటంతట అవే ఆ జాడలోకి వెళ్ళాయి. దాని వెంటే చుట్టి నడుస్తున్నాను. రవణమ్మ నన్ను చూసింది. చూసి, జాడ దిగి, మడికి అడ్డంగా నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆమె అడుగులు లెక్కపెడుతున్నాను. ఐదో అడుగు కూడా పడింది. గట్టు ఎక్కి వెనక్కి తిరిగింది.

"ఆ జాడెంట వస్తే ఎప్పటికి వస్తావు బావా. ఇట్ట రా, నేను నడిచినాను గదా" అని ఆ వంకర చెయ్యి ఊపింది.

కర్ర ముందు పెట్టాను. తర్వాత కాలు పెట్టాను, ఆమె అడుగులో.